ఉన్నదున్నట్టు

బడి వదిలే వేళకు పెద్దమేడమ్ గేటు దగ్గరికి వచ్చి నిలబడిందంటే ఆ రోజు ఎవరో ఒక తల్లికి మూడిందన్నమాటే. హెడ్‌మిస్ట్రెస్‌ను పిల్లల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ పెద్దమేడమ్ అనే అనేవాళ్ళు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన బట్టలా ఉండేది మనిషి. నవ్వేది కానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది. చేతిలో ఎప్పుడూ వేలెడంత శానిటైజర్ సీసా. పిల్లల చేతులు పట్టుకున్నా, తల్లుల చేతులు తాకినా, వాళ్ళు ఇంకా ఎదురుగా ఉండగానే రెండు చుక్కలు వేసుకుని రుద్దుకునేది.

సోమవారం ఆ వంతు గువ్వ తల్లికి వచ్చింది.

గువ్వ అన్నది పిల్ల అసలు పేరు కాదు. తరగతిలో ఒక మూల ముడుచుకుని, నోరు విప్పకుండా కూర్చుంటుందని ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది. తొమ్మిదేళ్ళుంటాయేమో. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పెద్దమేడమ్‌కు వాళ్ళ భాష రాదు. అందుకని మధ్యలోకి మెట్లకింద టీచరును పిలిచారు.

మెట్లకింద టీచరు ఉద్యోగం ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం. బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి, ఇళ్ళల్లో వేరే భాష మాట్లాడే పిల్లల్ని క్లాసులోంచి కొద్దికొద్దిమందిగా తెచ్చి ఆమె దగ్గర కూర్చోబెడతారు. గది మెట్ల కింద. గదిలో సగం దాకా విరిగిన బెంచీలు, చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, మిగిలిన సగంలో పిల్లలు. పైన ఏ తరగతైనా మెట్లు దిగితే నెత్తి మీద సున్నం రాలుతుంది. ఆ తల్లుల భాష తెలిసింది బడి మొత్తంలో ఆమె ఒక్కతే కావడంతో, జీతం లేని రెండో ఉద్యోగంలా తర్జుమా పని కూడా ఆమె నెత్తిన పడింది.

"రెండేళ్ళుగా చూస్తున్నాను" అంది పెద్దమేడమ్ ఇంగ్లీషులో, గువ్వ తల్లి వైపు నవ్వుతూనే. "గోడకు చెప్పినా ఈపాటికి రెండు మాటలు పలికేది. రేపు పరీక్ష చేసే ఆయన వస్తున్నాడు. పిల్ల తలకాయలో ఏమైనా ఉందో లేదో తేలిపోతుంది. చెప్పండి ఆమెకి."

టీచరు గువ్వ తల్లి వైపు తిరిగింది. "అమ్మాయి చాలా బుద్ధిమంతురాలంటున్నారు. ఇంకాస్త మాట్లాడితే బాగుంటుందట. రేపు ఒకాయన వచ్చి బొమ్మలవీ చూపించి మాట్లాడిస్తారు. భయపడాల్సిందేం లేదు."

అలా చెప్పడం ఆమెకు కొత్త కాదు. మాట చేతికి రాగానే ముళ్ళు తీసేసి అందించడం అలవాటైపోయింది. తీసేసిన ముళ్ళు ఎక్కడికి పోతాయో ఎప్పుడూ చూసుకోలేదు.

గువ్వ తల్లి మొహం విప్పారింది. "ఇంత పెద్ద మేడమ్ మా పిల్లని పట్టించుకోవడమే ఎక్కువ టీచరమ్మా. నా దణ్ణాలు చెప్పండి" అని పెద్దమేడమ్ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆవిరికి ఉడికి ఉడికి తోలు లేచిపోయిన చేతులు. పెద్దమేడమ్ చేయి విడిపించుకుని సీసా మూత తీసింది.

గువ్వ తల్లి ఆ రుద్దుకోవడం చూసింది. "మా ఆసుపత్రిలో డాక్టర్లూ అంతే. రోగుల్ని ముట్టుకోగానే ఇట్లాగే చేస్తారు" అంది, అందులో తప్పేమీ కనిపించనట్టు. గువ్వ తల్లి చేతులు కొంగులో దాచుకుంది.

మర్నాడు పరీక్షలాయన వచ్చేసరికి మెట్లకింద గదిలో గువ్వ బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుని ఎడతెగకుండా కబుర్లు చెబుతోంది. ఇంటి భాషలో ఆ పిల్ల నోటికి తాళం ఉండదు. వాళ్ళ అమ్మ ఒకేసారి రెండు దుప్పట్లు ఎలా మడత పెడుతుందో, లాండ్రీ పెద్దాయన గురక ఇస్త్రీ మిషను చప్పుడులా ఎలా ఉంటుందో చెప్పి, ఆ గురక తీసి చూపించింది. టీచరు నవ్వాపుకోలేకపోయింది.

"ఇన్ని మాటలు పెట్టుకుని క్లాసులో ఒక్కటీ ఎందుకు మాట్లాడవే?"

"ఇంగ్లీషులోనే మాట్లాడాలి కదా అక్కడ."

"వచ్చినంత మాట్లాడొచ్చుగా."

గువ్వ ఊపుతున్న కాళ్ళు ఆపింది. "తప్పొస్తే నవ్వుతారు టీచర్. మాట్లాడకపోతే నవ్వరు."

అంతలో పరీక్షలాయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. పై ఆఫీసు నుంచి బడి బడికీ తిరిగే మనిషి. బొద్దుగా, చెమటలు కక్కుతూ ఉన్నాడు. గువ్వ నోరు టక్కున మూసుకుంది.

ఆయన బల్ల మీద పెట్టె తెరిచి బొమ్మల అట్టలు తీశాడు. పక్కనే బిస్కెట్ల పొట్లం విప్పాడు. టీచరును చూసి, "మీరు కూర్చోండి కానీ మధ్యలో మాట్లాడకూడదు. పరీక్ష పాడవుతుంది" అన్నాడు.

"ఆ పిల్లకి అడిగేది అర్థం కావాలి కదండీ. వాళ్ళ భాషలో ఒక్కసారి చెప్తే..."

"వాళ్ళ భాషలో పరీక్ష లేదమ్మా. ఉన్నది ఇదే."

వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుని మొదటి అట్ట తిప్పాడు. గొడుగు. తర్వాత నిచ్చెన. ప్రతి అట్టకూ వేలు నాలుకకు వెళ్ళి వచ్చేది. బిస్కెట్ పొడి బొమ్మల మీద రాలితే అరచేత్తో తుడిచేసేవాడు, అది కాస్తా మరకగా మిగిలేది. పేరు చెప్పమని ఇంగ్లీషులో అడిగేవాడు. గువ్వ బొమ్మను చూసేది, ఆయన వేలిని చూసేది, నోరు మాత్రం తెరిచేది కాదు. ఆయన గీత గీసి ముందుకు పోయేవాడు.

ఒక అట్ట మీద ఇస్త్రీ పెట్టె వచ్చింది. గువ్వ మొహం వెలిగింది. చూపుడువేలు తడి చేసుకున్నట్టు చేసి, కాలే పెట్టె అడుగున టక్కున తాకించి తీసింది. తర్వాత బల్ల మీద లేని దుప్పటిని మూలలు సరిచూసి, అరచేత్తో సాఫు చేసి, మధ్యకు మడిచి, మళ్ళీ మడిచింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే, మడత అంచు ఎక్కడుందో టీచరుకు కనిపించింది.

"జవాబు లేదు" అనుకుంటూ ఆయన గీత గీశాడు.

"తెలుసండీ ఆ పిల్లకి. చూపించింది కదా" అంది టీచరు ఉండబట్టలేక.

"చూపించమని లేదు. చెప్పమని ఉంది."

చివర్లో రంగు చెక్కలు బయటపెట్టాడు. కాగితం మీదున్న ముగ్గులాంటి బొమ్మను చూసి చెక్కల్ని అలాగే పేర్చాలి. ఎలా చేయాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన ఇంగ్లీషులో వివరించడం మొదలుపెట్టాడు. గువ్వకు బొమ్మ కనిపించింది, చెక్కలు కనిపించాయి. ఆయన వివరిస్తూ ఉండగానే పేర్చేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడా తప్పు లేదు. ఆయన ఇంకా గడియారం నొక్కనే లేదు.

"చెప్పేది వినదు. సొంత పెత్తనం" అన్నాడు ఆయన, చెక్కల్ని చెదరగొట్టి పెట్టెలో వేస్తూ. మిగిలిన బిస్కెట్ ఒకటి గువ్వ ముందుకు తోశాడు. అది ఆయన తడివేలితో పట్టుకున్న బిస్కెట్. గువ్వ తీసుకోలేదు. "తినడం కూడా చెప్పాలా?" అని టీచరు వైపు చూసి నవ్వాడు. ఆమెకు ఆ వేలు కొరికి అవతల పారేయాలనిపించింది. గువ్వను తీసుకుని వెళ్ళి క్లాసులో దింపి వచ్చింది.

సాయంత్రం పెద్దమేడమ్ తన గదికి పిలిపించింది. గదంతా మల్లెపూల స్ప్రే వాసన, ఆ వాసన కింద ఎక్కడో ఎలుక చచ్చిన వాసన. పరీక్షలాయన అప్పటికే వెళ్ళిపోయాడు.

"అనుకున్నట్టే అయింది. బుర్ర ఎదగని కేసు" అంది పెద్దమేడమ్. "ఊరవతల అలాంటి పిల్లల బడి ఉంది కదా, అక్కడికి పంపేద్దాం. గురువారం తల్లిని రమ్మన్నాను. సంతకం పెట్టించాలి. మీరు పక్కనుండి ఒప్పించాలి."

"మేడమ్, ఆ పిల్లకి లోపమేం లేదు. నా గదిలో గలగలా మాట్లాడుతుంది. ఇంగ్లీషు రాదు, అంతే. కాస్త టైమిస్తే..."

"టైమ్ ఎక్కడుంది?" పెద్దమేడమ్ గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు. "ఇంకొన్నాళ్ళలో పై ఆఫీసు వాళ్ళు పెట్టే పరీక్షలు. ఆ బడికి వెళ్ళిన పిల్లల మార్కులు మన లెక్కలోకి రావు. పోయినేడు వీళ్ళవల్లే కదా మనం అడుక్కి పోయింది. ఈ పిల్లొక్కత్తే కాదు, మీ గదిలో ఇంకో నలుగురైదుగురు ఉన్నారు, నాకు తెలుసు. ఒక్కొక్కళ్ళనే చూద్దాం." ఆగి, అదే నవ్వుతో అంది. "మీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే కదా రెన్యూ చేయాల్సింది. మంచి టీచరు, పోగొట్టుకోవడం నాకిష్టం లేదు."

టీచరు "సరే మేడమ్" అంది. అని బయటికొచ్చాక ఆ రెండు మాటలూ నాలుక మీద పాచిలా అతుక్కుపోయాయి. కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. పోలేదు.

ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట ఎత్తింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. పొద్దున్నుంచీ స్టీరింగు తిప్పి తిప్పి, తిండి కూడా తిప్పుతూనే తినే మనిషి. సంగతంతా విని, "నీకెందుకు చెప్పు? వాళ్ళనేది వాళ్ళంటారు, నువ్వు అటుది ఇటు అందించే మనిషివి. నా బస్సులో ఎవరెక్కడికి పోతున్నారో నేను అడుగుతానా?" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న అత్తగారికి చెవులు సరిగా వినపడవు. "ఏమంటాడే వాడు?" అంది.

"ఏం లేదత్తయ్యా. ఎక్కువ ఆలోచించకు, ఆరోగ్యం చెడుతుంది అంటున్నారు."

ముసలామె కొడుకు మొహం వైపు, కోడలి మొహం వైపు మార్చి మార్చి చూసింది. "నువ్వు చెప్పేవన్నీ ఇట్లాగే ఉంటాయి. వాడి మూతి చూస్తే మాత్రం అట్లా లేదు" అని కంచంలో చేయి కడుక్కుంది. "నా కొడుకు ఇంత మంచివాడని నీ నోట వింటే తప్ప నాకు తెలీదు."

భర్త పకపకా నవ్వాడు. టీచరు నవ్వలేదు. కంచం తీసుకుని లేచిపోయింది.

గువ్వ తల్లి గురువారం పని మధ్యలో సెలవడిగి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది కానీ జుట్టులో దూదిపోగులు అంటుకునే ఉన్నాయి. పెద్దమేడమ్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. పరీక్షలాయన మళ్ళీ వచ్చాడు, అదే బిస్కెట్లు, ఈసారి ప్లేటులో.

పెద్దమేడమ్ మొదలుపెట్టింది. తక్కువ మంది పిల్లలుంటారని, ప్రత్యేకమైన శ్రద్ధ అని, బస్సు వచ్చి తీసుకెళ్తుందని. టీచరు ఒక్కొక్క మాటే అందిస్తోంది. గువ్వ తల్లి ప్రతి మాటకూ తలూపుతోంది.

"తక్కువ మందంటే బాగా చూస్తారు కదా టీచరమ్మా?"

"చూస్తారట."

"ఇంగ్లీషు తొందరగా వస్తుందా?"

టీచరు ఆ ప్రశ్నను ఇంగ్లీషులో అడిగింది. పరీక్షలాయన బిస్కెట్ నములుతూ, "ఇంగ్లీషా? ఆ బడిలో చెప్పులు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం నేర్పుతారు" అన్నాడు. పెద్దమేడమ్ నవ్వి, "అదేం చెప్పక్కర్లేదు. వస్తుందని చెప్పండి" అంది.

"వస్తుందట" అంది టీచరు.

గువ్వ తల్లి పెన్ను తీసుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో పరీక్షలాయన వేలితో చూపించాడు. ఆమె టీచరు వైపు తిరిగి, కళ్ళలో నీళ్ళు నిండగా, "మీరున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే వీళ్ళేమంటున్నారో మాకేం తెలుస్తుంది. మీ మాట మీదే పెడుతున్నాను టీచరమ్మా" అంది.

ఆ తలూపడం, ఆ వంగడం చూస్తూ పెద్దమేడమ్ పరీక్షలాయనతో తాపీగా అంది. "చూశారా, తల్లికే లేదు బుర్ర. పిల్లకెక్కణ్ణుంచి వస్తుంది? తలూపడం ఒక్కటి వచ్చు. మన అదృష్టం."

పెన్ను కాగితానికి తగలబోతోంది.

"తల్లికే బుర్ర లేదు, పిల్లకెక్కణ్ణుంచి వస్తుంది అంటున్నారు" అంది టీచరు, ఇంతసేపూ మాట్లాడిన గొంతుతోనే. "మీకు తలూపడం ఒక్కటే వచ్చట. అది వాళ్ళ అదృష్టమట."

పెన్ను గాల్లో ఆగింది. "ఎవరు?"

"పెద్దమేడమ్. ఆ బడిలో ఇంగ్లీషు నేర్పరు. చెప్పులు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం నేర్పుతారు. అది బుర్ర ఎదగని పిల్లల బడి. మీ అమ్మాయి అక్కడికి పోతే పరీక్షల్లో ఆమె మార్కులు ఈ బడి లెక్కలోకి రావు, బడికి పేరొస్తుంది. అందుకు పంపుతున్నారు. అమ్మాయికి ఏ లోపమూ లేదు."

"ఇంతసేపు ఏం చెబుతున్నారు?" అంది పెద్దమేడమ్.

"మీరన్నదే మేడమ్."

గువ్వ తల్లి పెన్నును బల్ల మీద పెట్టింది. కేకలు వేస్తుందని, ఏడుస్తుందని టీచరు అనుకుంది. నిజం చెప్పాలంటే, కేకలు వేయాలని కోరుకుంది. పెద్దమేడమ్ మొహం మీద ఆ నవ్వు చెదిరిపోవడం ఒక్కసారి చూడాలనుకుంది. కానీ గువ్వ తల్లి పెద్దమేడమ్ వైపు చూడనేలేదు. టీచరునే చూస్తోంది.

"మరి సోమవారం గేటు దగ్గర ఏమన్నది?"

టీచరు అదీ చెప్పింది. "గోడకు చెప్పినా ఈపాటికి మాట్లాడేదని."

"బుద్ధిమంతురాలన్నదని చెప్పావు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. టీచరు విన్నది.

"అంతకుముందు, పిల్లని కొత్తగా చేర్చినప్పుడు? పిల్ల శుభ్రంగా ఉంటుందని మెచ్చుకుందన్నావు. నేను ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకున్నాను."

"వాసన వస్తోంది, బెంచీ చివర కూర్చోబెట్టండి అన్నారు."

పరీక్షలాయన నమలడం ఆపి ఇద్దర్నీ చూస్తున్నాడు.

"ఈమె మీద నాకు కోపం లేదు" అంది గువ్వ తల్లి, గడ్డంతో పెద్దమేడమ్‌ను చూపిస్తూ. "ఈమెకి మేమెవరమో తెలీదు. నీకు తెలుసు. మా మాటే మాట్లాడతావు. రెండేళ్ళు నా చేత ఈమెకి దణ్ణాలు పెట్టించావు." ఆమె మొహంలో కోపం కన్నా వేరేది ఉంది. కాలికి అంటిన దాన్ని చూసుకున్నట్టు చూసింది టీచరును. "సంతకం పెట్టనని చెప్పు. మా పిల్ల ఇక్కడే చదువుతుందని చెప్పు. ఇదొక్కటైనా తియ్యగా చెప్పొద్దు."

టీచరు చెప్పింది. గువ్వ తల్లి లేచి, కుర్చీ మళ్ళీ బల్ల కిందికి జరిపి, వెళ్ళిపోయింది.

"ఆవేశం" అంది పెద్దమేడమ్. నవ్వు చెదరలేదు. సీసా మూత తీసి, ఎవరినీ తాకకపోయినా చేతులు రుద్దుకుంది. "ఇకనుంచి తల్లుల దగ్గరికి మీరు రావక్కర్లేదు. ఫోన్లోనే తర్జుమా చేసేవి వచ్చాయి కదా, వాటికి భావాలవీ ఉండవు. మీ కాంట్రాక్టు సంగతి నెలాఖరున మాట్లాడదాం."

టీచరు మెట్లకింద గదికి వచ్చి తలుపు వేసుకుంది. ఇన్నాళ్ళూ ఆమెకు పెద్దమేడమ్ అంటే అసహ్యం, ఆ స్ప్రే వాసన అంటే అసహ్యం, తడి వేలంటే అసహ్యం. వాటన్నిటికీ తాను ఎడంగా నిలబడి ఉన్నాననుకుంది. ఫినాయిల్ డబ్బాల మధ్య కూర్చుంటే తన ఒళ్ళే తనకు కంపు కొడుతోంది. మంచితనం అనుకుంటూ చేసింది నిజానికి పెద్దమేడమ్ పనేనని ఇప్పుడు కనిపిస్తోంది. ఆ తల్లులు ఎదురు తిరగకుండా ఇన్నాళ్ళు చూసుకున్నది శానిటైజర్ సీసా కాదు, తాను.

గువ్వ శుక్రవారం ఎప్పట్లాగే బడికొచ్చింది. క్లాసులో ఎప్పట్లాగే నోరు మూసుకుని కూర్చుంది. మెట్లకింద గదికి వచ్చినప్పుడు మాత్రం, "మా అమ్మ నిన్నటి నుంచీ మీ పేరెత్తితే మాట్లాడట్లేదు టీచర్" అంది.

"మాట్లాడకపోతే పోనీలే. నువ్వు పుస్తకం తియ్యి" అంది టీచరు. ఆ రోజు పాఠం మామూలుగా చెప్పలేదు. పిల్ల ఇస్త్రీ గురించి ఇంటి భాషలో చెప్పిన కబుర్లనే ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి మార్పించింది. తప్పులు వచ్చాయి, కుప్పలు. టీచరు వాటిని చూసీచూడనట్టు వదిలేయలేదు. ప్రతి తప్పూ చూపించి మళ్ళీ చెప్పించింది. గువ్వ మొదట బిక్కమొహం వేసింది, తర్వాత పట్టుదలగా పెదవి కొరుక్కుంటూ చెప్పింది. సున్నం రాలింది. ఇద్దరూ తల దులుపుకున్నారు.

బడి వదిలాక టీచరు గేటు దాటేసరికి రోడ్డుకు అవతల తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు. మెట్లకింద గదికి వచ్చే పిల్లల తల్లులు. బేకరీలో పని చేసే ఆమె, మేడలు కడిగే ఆమె, చంకలో పసివాడితో ఇంకో ఆమె. వాళ్ళ ముందు గువ్వ తల్లి. తిట్టడానికే వచ్చారనుకుంది టీచరు. తిట్టించుకోవడానికే రోడ్డు దాటింది.

గువ్వ తల్లి మొహంలో చిరునవ్వు లేదు. పలకరింపూ లేదు.

"వీళ్ళందరికీ కూడా నువ్వే కదా చెప్పింది ఇన్నాళ్ళూ" అంది. "ఇప్పుడు అసలుది చెప్పు. ఏ పిల్ల గురించి ఏమన్నారో, ఎవర్ని ఎక్కడికి పంపాలనుకుంటున్నారో."

టీచరు వెనక్కి తిరిగి చూసింది. పై అంతస్తు కిటికీలో పెద్దమేడమ్ నిలబడి ఉంది. చూస్తున్న సంగతి దాచుకోవడం లేదు కూడా.

టీచరు భుజాన ఉన్న సంచిని కింద పెట్టింది. చంకలో పసివాడున్న ఆమె అందరికంటే ముందుకు జరిగింది. "మా పెద్దవాడి గురించి పోయిన నెల ఏమన్నారు? వాడు చాలా చురుకైనవాడన్నారని చెప్పావు."

"మీరు కోపం తెచ్చుకోకుండా వింటే..."

"అది వద్దు" అంది గువ్వ తల్లి.

టీచరు పసివాడి తల్లి వైపు తిరిగింది. ఆమె కళ్ళలోకి చూస్తూ, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పింది. వాడు పశువులా అరుస్తాడన్నారు. ఇలాంటి వాళ్ళు కనడం ఆపితే బడి బాగుపడుతుందన్నారు. రాబోయే వారం వాడికీ ఆ పరీక్ష పెడతారు.

వింటున్నంతసేపూ ఆమె కదల్లేదు. మిగతా వాళ్ళూ కదల్లేదు. పసివాడు తల్లి ముక్కుపుడకను లాగబోతే ఆమె వాడి చేయి మెల్లగా పక్కకు తీసి, వాడిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఇంకా?" అంది.